గ్రూపు వదలకుండానే మెసేజ్‌ల గోల తగ్గించుకోవడం ఎలా? నా ఫోన్‌లో నేను మార్చిన సెట్టింగ్స్ ఇవే

రెండేళ్ల కిందట అద్దె ఇల్లు మారినప్పుడు మాకు డాబా కలిసొచ్చింది. నాలుగు గ్రో బ్యాగులు, రెండు వంగ మొక్కలు, ఒక మందారం. అలా మొదలైంది నా మిద్దెతోట పిచ్చి. ఆ వారంలోనే పక్కింటి ఆంటీ నన్ను ఒక మిద్దెతోట వాట్సాప్ గ్రూపులో చేర్పించారు. అప్పటికే 800 మందికి పైగా ఉన్నారు అందులో. ఒక గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు కాబట్టి ఇంకా చోటుందన్నమాట!

మొదటి రోజు భలే సరదాగా అనిపించింది. రెండో రోజు పొద్దున లేచి చూస్తే 312 అన్‌రీడ్ మెసేజ్‌లు. శుభోదయం బొమ్మలు, బీరకాయల ఫొటోలు, వాటికి చప్పట్లు, ఆ చప్పట్లకి దండాలు. మధ్యలో ఎక్కడో "కోకోపీట్ ఎన్ని రోజులు నానబెట్టాలి?" అని ఒక మంచి ప్రశ్న, దానికి నలభై మెసేజ్‌ల కింద జవాబు. ఇక మృగశిర కార్తె వచ్చిందంటే విత్తనాల పంపకాలు మొదలవుతాయి. ఆ వారం రోజులూ ఫోన్ మోగుతూనే ఉంటుంది.

మీరు మొక్కల గ్రూపులో ఉండకపోవచ్చు. సైక్లింగ్, ఫొటోగ్రఫీ, పాత పాటలు, నాణేల సేకరణ, ఏదైనా కావచ్చు. ఇష్టంతో చేరిన గ్రూపే తలనొప్పిగా మారడం మాత్రం అందరికీ తెలిసిన సంగతే. దీనికి నేను మొదట చేసిన పని తప్పు. ఆ తప్పు ఏమిటో ముందు చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇదే చేస్తున్నారు.

గోల భరించలేక పగలంతా ఫోన్‌ని డూ నాట్ డిస్టర్బ్‌లో పెట్టడం మొదలుపెట్టా. ఖాళీ దొరికినప్పుడు నోటిఫికేషన్ల పరదా కిందకి లాగి, చూడకుండానే క్లియర్ ఆల్ నొక్కేసేవాణ్ని. కొన్నాళ్లకి అది అలవాటైపోయింది. నా వేలు దాని పని అది చేసుకుపోయేది.

పోయిన ఏడాది జూన్‌లో మా నాన్నగారికి కంట్లో శుక్లాల ఆపరేషన్. శుక్రవారం అని డేట్ ఇచ్చారు. నేను సెలవు పెట్టుకుని గురువారం రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కి, తెల్లారేసరికి రాజమండ్రిలో దిగా. ఇంటికి వెళ్తే అమ్మ తలుపు తీసి ఆశ్చర్యపోయింది. "మెసేజ్ పెట్టాను కదరా, చూసుకోలేదా? ఫోన్ కూడా చేశాను" అంది. షుగర్ ఎక్కువగా ఉందని ఆపరేషన్ సోమవారానికి మార్చారట. గురువారం మధ్యాహ్నం అమ్మ ఒకసారి కాల్ చేసింది, నేను ఎత్తకపోయేసరికి మెసేజ్ పెట్టింది. ఆ మిస్డ్ కాల్, ఆ మెసేజ్, విత్తనాల పంపకం గోలలో వచ్చిన నోటిఫికేషన్లు అన్నీ కలిపి ఒక్క స్వైప్‌తో ఊడ్చేశా నేను. పెట్టిన సెలవు అయిపోయింది, సోమవారానికి ఇంకో సెలవు దొరకలేదు. నాన్నగారు ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్తుంటే బయట బెంచీ మీద అమ్మ ఒక్కతే కూర్చుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. నాన్నగారు ఇప్పుడు పేపర్ కళ్లజోడు లేకుండా చదువుతున్నారు. కానీ ఆ వారం మాత్రం నాకు నా ఫోన్ మీద మహా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే తప్పు ఫోన్‌ది కాదు, నేను అన్నిటికీ ఒకటే మందు వేశాను. ఆపాల్సింది ఒక గ్రూపుని అయితే, ఫోన్ మొత్తం నోరు మూసేశా.

మరి గ్రూపులోంచి బయటికొచ్చేయొచ్చు కదా అంటారా? వచ్చేయొచ్చు. ఇప్పుడు ఎగ్జిట్ అయినా గ్రూపులో అందరికీ తెలియదు, అడ్మిన్లకి మాత్రమే నోటిఫికేషన్ వెళ్తుంది. 2022లో ఈ మార్పు తెచ్చారు. (పాత సభ్యుల లిస్టులో 60 రోజుల దాకా మీ పేరు కనిపిస్తుంది, అది వేరే సంగతి.) మొహమాటం సమస్య కాదు కాబట్టి నేనూ ఒకసారి ఎగ్జిట్ బటన్ దాకా వెళ్లా.

ఆగింది ఒక మాస్టారి వల్ల. రిటైర్డ్ టీచర్ ఆయన. రోజూ పొద్దున ఐదున్నరకి గులాబీ పువ్వుతో శుభోదయం పెడతారు, ఒక్క రోజు కూడా తప్పరు. వినాయక చవితికి పది బొమ్మలు, సంక్రాంతికి ఇరవై. గ్రూపులో గోల చేసేవాళ్లలో మొదటి పేరు ఆయనదే. అయితే నా మందారానికి తెల్లగా పిండినల్లి పట్టి ఆకులు ముడుచుకుపోతున్నప్పుడు ఫొటో పెట్టి అడిగితే, పది నిమిషాల్లో జవాబిచ్చింది కూడా ఆయనే. ముందు గట్టిగా నీళ్లు కొట్టి కడిగేయమని, తర్వాత వేపనూనెలో కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున పిచికారీ చేయమని, చీమల్ని వదలొద్దని చెప్పారు. చీమలు వాటిని కాపాడుతూ తిరుగుతాయట. మొక్క బతికింది.

అంటే పనికొచ్చేదీ పనికిరానిదీ ఒకే మనిషి దగ్గర్నుంచి వస్తున్నాయి. ఈయన్ని బ్లాక్ చేస్తే ఏమవుతుంది? నిజానికి ఏమీ కాదు. ఇది చాలామందికి తెలియదు: మీరు ఎవరినైనా బ్లాక్ చేసినా, మీరిద్దరూ ఉన్న గ్రూపులో వాళ్ల మెసేజ్‌లు మీకు కనిపిస్తూనే ఉంటాయి. బ్లాక్ అనేది పర్సనల్ చాట్‌కి, కాల్స్‌కి మాత్రమే. కాబట్టి మనుషుల్ని ఏరేయడం కుదిరే పని కాదు. కుదిరేది టైమ్ మార్చుకోవడం. ఏది ఇప్పుడే తెలియాలి, ఏది రాత్రి అన్నం తిన్నాక చూసినా చాలు, ఈ రెండూ విడగొట్టగలిగితే సగం గొడవ తీరుతుంది.

ముందు ఇంట్లోవాళ్లు, తర్వాతే గ్రూపు

అందరూ గ్రూపుని మ్యూట్ చేయడంతో మొదలుపెడతారు. నేను తలకిందులుగా మొదలుపెట్టమంటా. ముందు మీకు తప్పకుండా చేరాల్సిన నలుగురు ఎవరో చూసుకోండి. నాకైతే అమ్మ, నాన్న, నా భార్య, పాప స్కూల్ గ్రూపు.

వాట్సాప్‌లో అమ్మ చాట్ తెరిచి, పైన పేరు మీద నొక్కితే ఆ చాట్ నోటిఫికేషన్ సెట్టింగ్స్ కనిపిస్తాయి. అక్కడ ఆ ఒక్క చాట్‌కి వేరే టోన్ పెట్టుకోవచ్చు. ఇంకెవరికీ లేని టోన్ పెట్టండి. నేను పాతకాలం గంట లాంటి సౌండ్ పెట్టా. జేబులో ఉన్నా, వంటింట్లో ఉన్నా ఆ శబ్దం వింటే అమ్మ అని తెలిసిపోతుంది. తర్వాత చాట్ లిస్టులో అమ్మ పేరు మీద వేలు నొక్కిపట్టి పిన్ చేయండి. మూడు చాట్లు పిన్ చేసుకోవచ్చు. ఎన్ని గ్రూపులు మోగినా అవి పైనే ఉంటాయి, కిందకి జారిపోవు.

డూ నాట్ డిస్టర్బ్ పూర్తిగా మానేయక్కర్లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ పేరుతో సెర్చ్ చేస్తే దొరుకుతుంది. అందులో ఎవరి కాల్స్ రానివ్వాలో ఎంచుకునే చోట స్టార్ చేసిన కాంటాక్ట్స్‌ని పెట్టండి. ఆ తర్వాత కాంటాక్ట్స్ యాప్‌లోకి వెళ్లి ఇంట్లోవాళ్లకి స్టార్ పెట్టాలి. ఈ రెండో పని మర్చిపోయి, సెట్టింగ్ పనిచేయట్లేదనుకునేవాళ్లే ఎక్కువ. అక్కడే రిపీట్ కాలర్స్ అని ఇంకోటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే ఫోన్ మోగుతుంది. అమ్మకి ఒకటే చెప్పా: "అర్జెంటైతే మెసేజ్ వద్దు, వెంటవెంటనే రెండుసార్లు మామూలు కాల్ చెయ్యి." ఇంత ఖర్చు పెట్టి కొన్న ఫోన్‌లో నాకు బాగా పనికొచ్చిన ఫీచర్ ఇదే అంటే నవ్వొస్తుంది గానీ, నిజం.

మ్యూట్ చేసినా జవాబు మాత్రం రావాలి

ఇప్పుడు గ్రూపు సంగతి. మ్యూట్ నొక్కితే 8 గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు ఆప్షన్లు వస్తాయి. మొహమాటపడకుండా ఎప్పటికీ పెట్టేయండి. మీరు మ్యూట్ చేసినట్టు ఎవరికీ తెలియదు. వారం అని పెడితే సరిగ్గా మీటింగ్‌లో ఉన్నప్పుడు అది అయిపోయి మళ్లీ మోగుతుంది. నాకు జరిగింది.

మ్యూట్ చేసినంత మాత్రాన చాట్ లిస్టులో గ్రూపు పైకి రావడం ఆగదు. ఆ ఆకుపచ్చ అంకె కనిపిస్తుంటే వేలు ఊరుకోదు కూడా. అందుకే ఆర్కైవ్ కూడా చేయండి. ఇంతకుముందు కొత్త మెసేజ్ రాగానే ఆర్కైవ్‌లోంచి బయటికి వచ్చేసేది, 2021 నుంచి అలా రాకుండా చేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో చాట్స్ లోపల కీప్ చాట్స్ ఆర్కైవ్డ్ అని ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. వాట్సాప్ తెలుగులో వాడుతుంటే పేర్లు తెలుగులో ఉంటాయి, చోటు మాత్రం అదే.

ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. గ్రూపుని మ్యూట్ చేసినా, ఆర్కైవ్ చేసినా, ఎవరైనా మీ పేరుతో ట్యాగ్ చేసినా, మీ మెసేజ్‌కే రిప్లై ఇచ్చినా నోటిఫికేషన్ వస్తుంది. అంటే మీ ప్రశ్నకి జవాబు వస్తే తెలుస్తుంది, మిగతా 300 మెసేజ్‌లు నిశ్శబ్దంగా ఉండిపోతాయి. మనకి కావాల్సింది సరిగ్గా ఇదే కదా!

చిక్కేంటంటే, మన గ్రూపుల్లో పెద్దవాళ్లు చాలామంది రిప్లై వాడరు. కింద బాక్సులో మామూలుగా టైప్ చేసేస్తారు. దాంతో అది మీకు చేరదు. నేను ఇప్పుడు ఏది అడిగినా చివర ఒక వాక్యం కలుపుతా: "దయచేసి నా ఈ మెసేజ్‌ని కుడివైపు జరిపి జవాబు రాయండి." మొదట్లో ఇద్దరు నవ్వారు. మాస్టారు మాత్రం పద్ధతిగా నేర్చుకున్నారు, ఇప్పుడు అందరికీ అలాగే జవాబిస్తున్నారు. ఆయన వల్ల గ్రూపులో ఏ ప్రశ్నకి ఏది జవాబో కూడా తెలుస్తోంది.

మ్యూట్ చేస్తే సౌండ్ ఆగుతుంది, స్టోరేజ్ నిండటం ఆగదు

ఇది వేరే సమస్య, దీనికి వేరే సెట్టింగ్. చాలా మంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. మ్యూట్ చేసిన గ్రూపులోని వీడియోలు కూడా డౌన్‌లోడ్ అవుతూనే ఉంటాయి. నా ఫోన్‌లో ఈ ఒక్క గ్రూపే 6 జీబీ దాటేసింది. అందులో ఒకే శుభోదయం వీడియో తొమ్మిది మంది పంపింది తొమ్మిది సార్లు ఉంది.

సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా తెరిస్తే మీడియా ఆటో డౌన్‌లోడ్ కనిపిస్తుంది. మొబైల్ డేటాకి, వైఫైకి, రోమింగ్‌కి విడివిడిగా ఉంటాయి. మూడింట్లోనూ వీడియోల టిక్ తీసేయండి. వైఫైలో కూడా తీయమని ఎందుకంటున్నానంటే, డేటా ఫ్రీగా వస్తుంది గానీ ఫోన్‌లో చోటు ఫ్రీగా రాదు. ఫొటోలు మీ ఇష్టం. నేను అవి కూడా తీసేశా, కావాల్సిన దాని మీద నొక్కితే అప్పుడు దిగుతుంది. వాయిస్ మెసేజ్‌లకి మాత్రం ఈ టిక్ వర్తించదు, అవి ఎప్పుడూ వాటంతటవే దిగుతాయి.

గ్రూపు ఇన్ఫోలో మీడియా విజిబిలిటీ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది. దాన్ని నో అని పెడితే ఆ గ్రూపు ఫొటోలు మీ గ్యాలరీలో కనపడవు. పాప పుట్టినరోజు ఫొటోల మధ్యలో ఎవరిదో ఆనపకాయ రాకుండా ఉండటానికి మంచిదే. కానీ అది ఫొటోని దాస్తుందే తప్ప ఆపదు. ఫోన్‌లో చోటు తింటూనే ఉంటుంది. పైగా అప్పటికే వచ్చిన వాటికి అది పనిచేయదు, ఇక మీద వచ్చేవాటికే.

పాత చెత్త తీయడానికి స్టోరేజ్ అండ్ డేటాలోనే మేనేజ్ స్టోరేజ్ ఉంది. చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి, 5 ఎంబీ కంటే పెద్దవి అని విడగొట్టి చూపిస్తుంది. కింద ఏ చాట్ ఎంత తింటోందో వరసగా ఉంటుంది. నేను ఆదివారం టీ తాగుతూ ఫార్వర్డ్స్ మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ చేశా, కళ్లు మూసుకుని. పెద్ద ఫైళ్ల దగ్గర మాత్రం కళ్లు తెరిచి చూడండి, వాటిలో ఇంట్లోవాళ్ల వీడియోలు కూడా ఉంటాయి.

ఆండ్రాయిడ్ వాడేవాళ్లు బ్యాకప్ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఒకప్పుడు వాట్సాప్ బ్యాకప్ గూగుల్ స్టోరేజ్ లెక్కలోకి వచ్చేది కాదు. 2024 నుంచి వస్తోంది. ఫ్రీగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు, ఈ బ్యాకప్ అన్నీ సర్దుకోవాలి. అది నిండిపోతే జీమెయిల్‌కి కొత్త మెయిల్స్ రావడం ఆగిపోతుంది. ఎవరిదో బీరపాదు వీడియో వల్ల మీ ఇంటర్వ్యూ మెయిల్ ఆగిపోకూడదు కదా. చాట్ బ్యాకప్‌లో ఇంక్లూడ్ వీడియోస్ ఆఫ్ చేయండి.

కావాల్సింది దాచుకోవడం

300 మెసేజ్‌లూ చదవాలన్న పట్టుదల నేను వదిలేశా. రాత్రి తొమ్మిది తర్వాత పావుగంట ఆర్కైవ్ తెరుస్తా. పైనుంచి కిందకి వేగంగా జరుపుతా, పనికొచ్చేది కనపడితే స్టార్ పెడతా. అంతే. తర్వాత స్టార్ చేసినవన్నీ ఒకచోట దొరుకుతాయి. చాట్ క్లియర్ చేసేటప్పుడు స్టార్ మెసేజ్‌లు ఉంచాలా తీసేయాలా అని అడుగుతుంది, ఉంచమనండి.

వెతకడానికి గ్రూపులో సెర్చ్ ఉంది గానీ మన తెలుగు గ్రూపుల్లో అది సగమే పనిచేస్తుంది. ఒకరు పిండినల్లి అని తెలుగు లిపిలో రాస్తే, ఒకరు అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు, ఇంకొకరు వాయిస్ మెసేజ్ పెడతారు. మూడు రకాలుగా వెతికినా మూడోది దొరకదు. సెర్చ్ బార్ పక్కన క్యాలెండర్ గుర్తు నొక్కి తేదీకి వెళ్లడం మేలు. ఫలానా కార్తెలో చర్చ జరిగిందని గుర్తుంటే చాలు.

తెలియనివాళ్ల మెసేజ్‌లు

800 మంది ఉన్న గ్రూపులో మీ నంబర్ 800 మందికీ కనపడుతుంది. నేను చేరిన నెలలోనే ఎరువులు అమ్మేవాళ్లు ఇద్దరు, లోన్ ఇస్తామని ఒకరు పర్సనల్‌గా మెసేజ్ పెట్టారు. వీళ్ల విషయంలో బ్లాక్ బాగా పనిచేస్తుంది, పక్కనే ఉన్న రిపోర్ట్ కూడా నొక్కండి. ప్రైవసీ సెట్టింగ్స్‌లో ప్రొఫైల్ ఫొటో మై కాంటాక్ట్స్‌కి మాత్రమే పెట్టుకోవడం మంచిది, ఆడవాళ్లయితే తప్పకుండా. కాల్స్ కింద సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చేస్తే తెలియని నంబర్ల వాట్సాప్ కాల్స్ మోగవు.

ఒక గ్రూపులో చేరితే దాని పిల్ల గ్రూపులు నాలుగింట్లో ఎవరో కలిపేస్తారు. ప్రైవసీలో గ్రూప్స్ దగ్గర మై కాంటాక్ట్స్ అని పెడితే, మీ కాంటాక్ట్స్‌లో లేని అడ్మిన్ మిమ్మల్ని నేరుగా కలపలేరు. ఆహ్వానం పంపాలి, మీరు ఒప్పుకుంటేనే చేరతారు. పక్కింటి ఆంటీల విషయంలో ఇది పనిచేయదు, వాళ్లు కాంటాక్ట్స్‌లోనే ఉంటారు!

అడ్మిన్‌తో ఒక మాట

మీ వైపు ఎన్ని సెట్టింగ్స్ మార్చినా గ్రూపు తీరు మారదు. నేను మా అడ్మిన్ గారికి పర్సనల్‌గా రాశా, గ్రూపులో అందరి ముందూ కాదు. వాట్సాప్‌లో కమ్యూనిటీ పెడితే ఒకే గొడుగు కింద వేరువేరు గ్రూపులు పెట్టొచ్చు, ప్రకటనలకి అడ్మిన్లే రాసేది ఒకటి ఉంటుందని చెప్పా. మూడు వారాలు ఆలోచించి ఆవిడ మూడుగా విడగొట్టారు: విత్తనాల పంపకం, చీడలు-తెగుళ్లు, కబుర్లు. నేను చీడల గ్రూపుని ఒక్కదాన్నే ఆర్కైవ్ చేయకుండా ఉంచుకున్నా. కబుర్లలో శుభోదయాలు ఎన్నైనా పెట్టుకోవచ్చు.

పూర్తిగా కుదిరిందా అంటే లేదు. చీడల గ్రూపులో ఇప్పటికీ పండగ బొమ్మలు వస్తాయి. అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ డిలీట్ చేయగలరు గానీ, డెబ్బై ఏళ్ల ఆయన పెట్టిన వినాయకుణ్ని తీసేయడానికి ఆవిడకి చేతులు రావట్లేదట. నేనైనా అంతే. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యేలా 90 రోజులు పెడదామని కూడా అనుకున్నారు, నేను వద్దన్నా. పోయిన ఏడాది పిండినల్లి జవాబు ఈ ఏడాది ఇంకొకరికి కావాలి కదా. కబుర్ల గ్రూపుకి మాత్రం 7 రోజులు పెట్టారు.

మెయిల్‌లో వచ్చే గుంపులు

నేనున్న పక్షుల గ్రూపు ఒకటి ఇంకా మెయిల్ మీదే నడుస్తుంది. అక్కడ పని చాలా తేలిక. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ గ్రూపు మెయిల్ ఒకటి ఓపెన్ చేసి, మూడు చుక్కల్లో ఫిల్టర్ మెసేజెస్ లైక్ దీస్ నొక్కండి. స్కిప్ ద ఇన్‌బాక్స్ టిక్ పెట్టి, ఒక లేబుల్ ఇవ్వండి. ఇక అవన్నీ ఇన్‌బాక్స్‌కి రాకుండా ఆ లేబుల్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో ఫిల్టర్ తయారు చేయడం కుదరదు, ఒకసారి కంప్యూటర్‌లో చేస్తే ఫోన్‌కీ వర్తిస్తుంది. గ్రూపు గూగుల్ గ్రూప్స్‌లో ఉంటే డైజెస్ట్ ఎంచుకోండి, 25 మెయిల్స్ దాకా ఒకే మెయిల్‌గా కట్టి పంపుతుంది.

ఇవన్నీ చేసి ఏడాది కావస్తోంది. ఈ ఆర్టికల్ రాస్తుండగా ఆర్కైవ్‌లో కబుర్ల గ్రూపు 214 దగ్గర ఉంది, నాకు దాని అలికిడే లేదు. మధ్యలో ఒకసారి గంట మోగింది. నాన్నగారు రెండో కన్ను పరీక్షకి వెళ్లొచ్చారట, వచ్చే నెల డేట్ ఇస్తామన్నారట. ఈసారి అమ్మ మెసేజ్ పెట్టి ఊరుకోలేదు, వెంటవెంటనే రెండుసార్లు కాల్ కూడా చేసింది.